అబద్ధపు పెళ్ళిలో నిజమైన మాటలు

‘మిస్సమ్మ’ చూడని వాళ్ళు మన కాలేజీలో కొందరుంటే ఉండవచ్చు గానీ, ఆ పేరు వినని వాళ్ళు ఉండరు. 1955 జనవరిలో విడుదలైన సినిమా. మాబోటి వాళ్ళం పుట్టడానికి యాభై ఏళ్ళ ముందటిది. రంగుల్లేవు, ఫైటింగుల్లేవు. అయినా టీవీలో వస్తోందంటే రిమోటు మీద వేలు ఆగిపోతుంది. ఎందుకు ఆగిందని అడిగి చూడండి, పదిమందిలో తొమ్మిదిమంది చెప్పే జవాబు ఒక్కటే: “హాయిగా ఉంటుంది!”

ఆ జవాబుతోనే నాకు పేచీ. ఫిజిక్సు ప్రాక్టికల్సులో లోలకం అలా ఎందుకు ఊగిందని అడిగితే “చూడ్డానికి బాగుంది సార్” అని రికార్డులో రాస్తే ఊరుకుంటారా? హాయి అనేది ఫలితం. దానికి కారణం వేరే ఉండాలి. ఆ కారణాన్ని వెతకడమే ఈ నాలుగు పేజీల పని.

చదువుకున్న పెద్దల లెక్కలో సినిమాలు రెండు రకాలు. చూసి బయటికొచ్చాక రెండు రోజులు అన్నం సహించనివి ఒక రకం, అవి గొప్పవి. పాటలు, పొరపాట్లు, అలకలు, ఆఖరికి ‘శుభం’ అనే అక్షరాలు ఉండేవి రెండో రకం, అవి పొద్దుపోవడానికి. హాలీవుడ్ వాళ్ళు 1930ల నుంచి 1950ల దాకా తీసిన పాటల ప్రేమకథలనూ, మన విజయా వారి సినిమాలనూ కలిపి ఈ రెండో గంపలోనే వేస్తారు. సరే, వేయనివ్వండి. కానీ ఆ గంపలో చెయ్యిపెట్టి చూస్తే ఏం తగులుతుంది? ఉద్యోగం దొరకని పట్టభద్రుడు. తల్లిదండ్రులు చేసిన అప్పు తీర్చలేక నలిగిపోయే ఆడపిల్ల. కట్నం దగ్గర చెడిన సంబంధం. సవతి తల్లి చేతిలో పనిమనిషైన కూతురు. ఏడిపించే సినిమాకు కావలసిన సరుకంతా ఇందులోనే ఉంది! మరి ఇవి తేలికపాటి సినిమాలెట్లా అయినాయి? ఇనుప ఓడ నీళ్ళ మీద తేలేది ఇనుము తేలికైనందుకు కాదని ఇంటర్మీడియట్‌లోనే చదువుకున్నాం. దాన్ని ఏ ఆకారంలో వంచారన్నదాన్ని బట్టి అది తేలుతుంది. ఇక్కడ ఆ ఆకారం ఏమిటన్నదే నా ప్రశ్న.

నాకు తోచిన జవాబు ముందే చెప్పేస్తాను. ఈ సినిమాలన్నీ ఒక వయసులో ఉన్న ఆడామగా ఇద్దరికి తీరిగ్గా మాట్లాడుకోవడానికి ఒక సందు కల్పిస్తాయి. లోకం ఇవ్వని సందు. అందుకోసం ఒక అబద్ధం ఆడిస్తాయి. ఆ అబద్ధం చాటున వాళ్ళు నిజాలు మాట్లాడుకుంటారు. మనకు కలిగే హాయి ఆ మాటల వల్లే.

ముందు అమెరికా సంగతి చూద్దాం. 1927లో ‘ది జాజ్ సింగర్’తో అక్కడి తెరకు పాటా మాటా వచ్చాయి. రెండేళ్ళు తిరిగేసరికి, 1929లో, షేర్ల బజారు కుప్పకూలింది. 1933 నాటికి పనిచేయగల ప్రతి నలుగురిలో సుమారు ఒకరికి పని లేదు. సరిగ్గా అప్పుడే వాళ్ళు ఆటపాటల సినిమాలు విపరీతంగా తీశారు. కష్టాలు మరిచిపోవడానికి తీశారని చాలామంది అంటారు. అది సగం నిజమే. ‘గోల్డ్ డిగ్గర్స్ ఆఫ్ 1933’ అనే సినిమా ఎలా మొదలవుతుందో చూడండి. డబ్బుకు కొదవే లేదంటూ అమ్మాయిలు నాణేల దుస్తులు వేసుకుని పాడుతుంటారు. పాట ముగియకముందే అప్పులవాళ్ళ తరఫున అధికారులు వచ్చి పడి, నాటకం సామాను జప్తు చేసి, రిహార్సలు ఆపేస్తారు! జప్తు అంటే ఏమిటో మన రాయలసీమ సేద్యగాళ్ళకు ఎవరూ అర్థం చెప్పనక్కర్లేదు. కష్టాన్ని మరిపించే సినిమా కష్టంతోనే మొదలవుతుందా? ఇక్కడ అవుతుంది.

ఆ మరుసటి ఏడాది, 1934లో, ఫ్రాంక్ కాప్రా ‘ఇట్ హాపెన్డ్ వన్ నైట్’ తీశాడు. ఇది అచ్చమైన సంగీత చిత్రం కాదు గానీ ఆ తరహా కథలన్నింటికీ పెద్దక్క లాంటిది. కోటీశ్వరుడి కూతురు తండ్రి మీద అలిగి ఇల్లు విడిచి రాత్రి బస్సెక్కుతుంది. పక్క సీట్లో ఉద్యోగం ఊడిన విలేకరి. చేతిలో డబ్బు తక్కువ, దారి ఎక్కువ. దారిలో బసకు దిగినప్పుడు ఇద్దరూ మొగుడూ పెళ్ళాలమని చెప్పి ఒకే గది తీసుకుంటారు. మధ్యలో తాడు కట్టి దుప్పటి ఆరేస్తారు. ఆ దుప్పటికి అటొకరు, ఇటొకరు. రాత్రంతా మాటలు. తండ్రి పంపిన డిటెక్టివులు తలుపు కొడితే, పెళ్ళై ఏళ్ళు గడిచిన దంపతుల్లా ఒకరి మీద ఒకరు అరుచుకుంటారు. ఆ అరుపులు విని వచ్చినవాళ్ళు నిజమే అనుకుని వెళ్ళిపోతారు. పోట్లాటను మించిన పెళ్ళి సర్టిఫికెట్టు లేదన్నమాట! ఈ కథనే మార్చి హిందీలో 1956లో రాజ్‌కపూర్, నర్గీస్‌లతో ‘చోరీ చోరీ’ తీశారు.

అలాంటి దుప్పట్ల అవసరం ఆ తర్వాత ఇంకా పెరిగింది. 1934 మధ్య నుంచి హాలీవుడ్‌లో నీతి నియమావళిని గట్టిగా అమలు చేశారు. తెరమీద ఏం చూపకూడదో పెద్ద జాబితా. చేతులు కట్టేస్తే కళాకారుడు కాళ్ళతో పని కానిస్తాడనడానికి ఫ్రెడ్ ఆస్టేర్, జింజర్ రోజర్స్ జంటే సాక్ష్యం. 1935లో వచ్చిన ‘టాప్ హ్యాట్’లో వాళ్ళ మొదటి పరిచయం ఒక ఫిర్యాదు. పై గదిలో అతను కాళ్ళతో టకటకలాడిస్తూ నాట్యం చేస్తుంటే కింది గదిలో ఆమెకు నిద్రాభంగమై, పైకి వచ్చి కోప్పడుతుంది. ఆమె వెళ్ళాక అతనేం చేస్తాడు? నేల మీద ఇసుక చల్లుకుని, చప్పుడు మెత్తబడేటట్టు మళ్ళీ ఆడతాడు, కింద ఆమె హాయిగా నిద్రపోయేదాకా. క్షమించమని నోటితో అడిగితే ఈ అందం వచ్చేదా?

ఆ తర్వాత వాన. ఇద్దరూ పార్కులో ఒక చిన్న మండపంలో చిక్కుకుపోతారు. అతను ఒక అడుగు వేస్తాడు. ఆమె వెనకాలే నిలబడి అదే అడుగు వెక్కిరింపుగా వేస్తుంది. అతను ఇంకొకటి, ఆమె దానికి జవాబు. చూస్తూ చూస్తూ ఉండగా వెక్కిరింపు జోడీ అయిపోతుంది. ఆట అయ్యాక ముద్దూ లేదు, కౌగిలీ లేదు. మండపం అంచున కూర్చుని ఇద్దరూ షేక్‌హ్యాండ్ ఇచ్చుకుంటారు, సరిసమానంగా పందెం ఆడిన ఇద్దరు ఆటగాళ్ళలాగా. ఈ ఒక్క దృశ్యం చాలు, ఆ తరహా సినిమాలేమిటో చెప్పడానికి. అతను ఆమెను గెలుచుకోలేదు. ఇద్దరికీ ఒకే తాళం దొరికింది, అంతే. అదే జంట 1937లో చేసిన ‘షల్ వి డాన్స్’ ఇంకా తమాషా. వాళ్ళకు పెళ్ళైపోయిందని ఊరంతా పుకారు. ఎంత చెప్పినా నమ్మరు. చివరికి విడాకులు తీసుకుని పుకారు పోగొట్టుకోవడానికని నిజంగానే పెళ్ళి చేసుకుంటారు!

ఇంతవరకు చదివి “ఈ అమ్మాయికి అమెరికా పిచ్చి పట్టింది” అనుకుంటున్న మిత్రులు కాస్త ఓపిక పట్టండి. ఈ అబద్ధపు పెళ్ళి అనే విత్తనం మన నేలలో ఎట్లా మొలిచిందో చూస్తే, దాని వేళ్ళు మన జిల్లాలోనే తగులుతాయి.

మాది చిలమకూరు. నల్లరేగడి, శనగచేలు, నాపరాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీ గొట్టాలు. ఇవీ మా ఊరి ఆనవాళ్ళు. సినిమాకూ మా వైపుకూ ఏం సంబంధం అనుకునేదాన్ని. కానీ తెలుగు సినిమాకు రెండు పెద్ద స్తంభాలైన అన్నదమ్ములు మన కడప జిల్లా వాళ్ళే. పెద్దాయన బి.ఎన్.రెడ్డి, 1908లో పులివెందుల తాలూకా కొత్తపల్లెలో పుట్టాడు. తమ్ముడు బి.నాగిరెడ్డి, 1912లో పొట్టిపాడులో పుట్టాడు. కుటుంబానికి మద్రాసులో ఉల్లిపాయల ఎగుమతి వ్యాపారం ఉండేది. ఉల్లిపాయలంటే మా ఇళ్ళల్లో ఎర్రగడ్డలే. ఎర్రగడ్డలు కోస్తే కన్నీళ్ళొస్తాయి. ఆ ఇంటి పిల్లవాడు మాత్రం జనాన్ని నవ్వించే పని పెట్టుకున్నాడు.

అన్నదమ్ములిద్దరి దారులు చూస్తే బరువు, తేలిక అనే మన తగవు ఒక ఇంట్లోనే కనిపిస్తుంది. అన్నగారు ‘సుమంగళి’, ‘స్వర్గసీమ’, ‘మల్లీశ్వరి’ తీసిన గంభీరుడు. తమ్ముడు చక్రపాణితో కలిసి విజయా సంస్థ పెట్టి 1950లో ‘షావుకారు’తో మొదలుపెట్టాడు. చక్రపాణి తెనాలి వైపు మనిషి. శరత్ నవలలను తెలుగు చేసినవాడు. క్షయవ్యాధి వచ్చి మదనపల్లె శానటోరియంలో ఉన్నప్పుడు ఆయన బెంగాలీ నేర్చుకున్నాడట. క్షయ అంటే జనం హడలిపోయే రోజుల్లో, ఆస్పత్రి మంచం మీద కొత్త భాష నేర్చుకున్న మనిషి తర్వాత రోజుల్లో తెలుగులో అన్నింటికంటే తేలికైన కథలు అల్లాడంటే, తేలికతనం అనేది కష్టం తెలియని వాళ్ళ సొత్తు కాదని నాకు నమ్మకం కుదిరింది. లోకం కూడా ఇద్దరు అన్నదమ్ములకూ తేడా చూపలేదు. దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు అన్నకు 1974కు, తమ్ముడికి 1986కు వచ్చింది.

1952లో విజయా వారి ‘పెళ్ళిచేసి చూడు’ వచ్చింది. ఎల్.వి.ప్రసాద్ దర్శకుడు. అది రాయలసీమలో కరువు కాలం. గంజి కేంద్రాల ముందు జనం వరుసలు కట్టిన రోజులు. సినిమాలో విషయం వరకట్నం. కట్నం అందలేదని తండ్రి పెళ్ళికొడుకును ఇంటికి లాక్కుపోతాడు. కొడుకు ఎదురు చెప్పలేక పిచ్చివాడిలా నటిస్తాడు. భార్య నర్సు వేషంలో అదే ఇంటికి వస్తుంది. అంటే కట్టుకున్న భార్యాభర్తలు మాట్లాడుకోవడానికి ఒకరు పిచ్చివాడూ ఇంకొకరు పరాయిదీ కావలసి వచ్చింది! నవ్వొస్తుంది, నిజమే. నవ్వాక ఒకసారి ఆలోచిస్తే, ఆ ఇంట్లో మతి సరిగా ఉన్నది పిచ్చివాడికొక్కడికే. వరకట్న నిషేధ చట్టం 1961లో గానీ రాలేదు. సినిమా తొమ్మిదేళ్ళు ముందుంది. చట్టం వచ్చి అరవై ఏళ్ళు దాటినా సినిమా పాతబడలేదన్నది వేరే సంగతి. అది సినిమా గొప్పతనం కాదు, మన గొప్పతనం!

ఇక ‘మిస్సమ్మ’. దీనికి మూలం రవీంద్రనాథ్ మైత్ర రాసిన ‘మన్మయీ గర్ల్స్ స్కూల్’ అనే బెంగాలీ హాస్య నాటకం. చక్రపాణి దాన్ని తెలుగు కథగా మలిచాడు. దర్శకుడు మళ్ళీ ఎల్.వి.ప్రసాదే. మాటలూ పాటలూ పింగళి నాగేంద్రరావు, సంగీతం సాలూరి రాజేశ్వరరావు. అప్పాపురం జమీందారు దంపతులు తప్పిపోయిన పెద్దకూతురు పేరు మీద బడి నడుపుతుంటారు. బడికి బి.ఏ. చదివిన పంతులూ పంతులమ్మా కావాలి, వాళ్ళు భార్యాభర్తలై ఉండాలి. రావుకు ఉద్యోగం లేదు. పేరు ఎం.టి.రావు, పలికి చూడండి, జేబు సంగతి తెలిసిపోతుంది. మేరీకి డేవిడ్ అప్పు తీర్చాలి, లేకుంటే అతన్ని చేసుకోవాలి. ఇద్దరికీ అవసరం. ఇద్దరూ దంపతులమని చెప్పి ఉద్యోగంలో చేరతారు.

ఈ ఏర్పాటులోని అందం చూడండి. ఇద్దరికీ ఇది అబద్ధమని తెలుసు. ఇద్దరూ ఒప్పుకునే దిగారు. ఇల్లొక్కటే, అయినా అతనికి ఆమె మీద ఏ హక్కూ లేదు. ఆమె కోప్పడవచ్చు, కసురుకోవచ్చు, నా దేవుడు నాకున్నాడు, ఈ బొట్టూ ఈ పూజలూ నాకెందుకని విసుక్కోవచ్చు. సావిత్రి సినిమా పొడుగునా చేసిన పని ఇదే. ఎంత కోపం! మన తెలుగు సినిమాలో కథానాయిక అంత సేపు అంత కోపంగా ఉండి కూడా గయ్యాళి అనిపించుకోకుండా ఉన్న సినిమా ఇంకొకటి చెప్పండి చూద్దాం. మొదట ఆ వేషం భానుమతిది. ఆమె తప్పుకోవడంతో సావిత్రికి వచ్చింది. ఎన్టీఆర్ చేసింది ఇంకా కష్టమైన పని అని నా అభిప్రాయం: ఓపిక పట్టడం. ‘పాతాళభైరవి’లో మాంత్రికుణ్ణి మట్టి కరిపించిన వీరుడు ఇక్కడ ఒక పంతులమ్మ విసుర్లకు చిరునవ్వుతో తల వంచుకుంటాడు. ఆడపిల్లలకు ఆ సినిమా ఎందుకంత ఇష్టమో మగ మిత్రులకు ఇప్పటికైనా తెలిసిందనుకుంటాను.

పాటల దగ్గరికొస్తే అసలు కీలకం దొరుకుతుంది. వెన్నెల రాత్రి. రావూ మేరీ ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకోరు. చందమామను మధ్యవర్తిగా కూర్చోబెట్టి ఒకరి మీద ఒకరు ఫిర్యాదు చెప్పుకుంటారు. (1947లో ‘చందమామ’ పిల్లల పత్రిక పెట్టిందీ ఈ నాగిరెడ్డి, చక్రపాణులే. చందమామను వాళ్ళు ఊరికే వదిలేటట్టు లేరు!) ఆ వెన్నెల నిజం వెన్నెల కాదు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ స్టూడియో లోపల దీపాలతో కురిపించిన వెన్నెల. పెళ్ళీ అబద్ధం, వెన్నెలా అబద్ధం. కానీ మాటలతో చెబితే పరువు పోయే సంగతులు పాటలో దొర్లిపోతాయి. ‘టాప్ హ్యాట్’ మండపంలో అడుగుకు అడుగు జవాబైతే, ఇక్కడ చరణానికి చరణం జవాబు.

తేడా కూడా ఉంది. ఆస్టేర్ తన నాట్యాన్ని తల నుంచి పాదాల దాకా తెరనిండా, వీలైనంతవరకు ముక్కలు చేయకుండా తీయాలని పట్టుబట్టేవాడు. అక్కడ కథ చెప్పేది పాదాలు. మన దగ్గర కెమెరా ముఖాన్ని వదలదు. సావిత్రి ఓరచూపు, పెదవి విరుపు, నవ్వును ఆపుకుని మళ్ళీ ముఖం ముడుచుకోవడం. ఇవే మన అడుగులు. దీనికి ప్లేబ్యాక్ పద్ధతి తోడైంది. పాటను ముందే రికార్డు చేసి, షూటింగులో దాన్ని వినిపిస్తుంటే నటులు పెదవులు కలుపుతారు. దమ్ము పట్టే బాధ లేదు కాబట్టి ముఖానికి పూర్తి స్వేచ్ఛ. మేరీ గొంతు పి.లీలది, రావు గొంతు ఎ.ఎం.రాజాది. ఒక మనిషి ముఖం, ఇంకొక మనిషి గొంతు కలిసి మూడో మనిషి పుడుతుంది. తమాషా ఏమిటంటే, 1952లో వచ్చిన ‘సింగింగ్ ఇన్ ది రెయిన్’ కథలో ఇదే పెద్ద మోసం. ఒక నటి వేరే అమ్మాయి గొంతుతో పేరు కొట్టేయబోతుంటే తెర లేపి బండారం బయటపెడతారు, హాలంతా నవ్వుతుంది. మనం మాత్రం లీల పేరు రికార్డు మీద అచ్చు వేసి, సావిత్రిని చూస్తూ కన్ను తడి చేసుకుంటాం.

ఆ సినిమా పేరు ఎత్తాను కాబట్టి ఒక్క మాట. జీన్ కెల్లీ గొడుగు ముడిచి వానలో తడుస్తూ ఆడే నాట్యాన్ని ప్రపంచమంతా వింతగా చెప్పుకుంటుంది. మా వైపు మాత్రం అందులో వింతేమీ కనిపించదు. ఆగస్టు దాటినా చినుకు లేక, ఒక సాయంత్రం దబదబా వాన పడితే మా నాయన కూడా కండువా తలకు చుట్టుకుని చేని గట్టు మీద ఇంచుమించు అదే పని చేస్తాడు. కాకపోతే వెనకాల వాద్యాలుండవు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ సినిమాలు నన్నెందుకు పట్టుకున్నాయో చెప్పాలంటే మా ఇళ్ళల్లో పెళ్ళిచూపులు ఎట్లా జరుగుతాయో చెప్పాలి. పోయిన ఏడాది మా పెద్దమ్మ కూతురికి సంబంధం వచ్చింది. పదిమంది దిగారు. చాప మీద మగవాళ్ళు, లోపల ఆడవాళ్ళు. అక్క కాఫీ తెచ్చింది. పొలమెంత, బోర్లెన్ని, చీనీతోట ఎన్ని చెట్లు, పిల్లవాడికి హైదరాబాదులో జీతమెంత. గంటన్నర వీటి మీదే నడిచింది. పిల్లా పిల్లోడూ మాట్లాడుకోండని ఎవరో ఉదారంగా అంటే, ఇద్దరూ వసారాలోకి పోయి అయిదు నిమిషాలు నిలబడ్డారు. ఏం అడిగాడే అని తర్వాత అడిగితే, “ఏ కాలేజీ అన్నాడు, చెప్పినా. ఎండలు ఎక్కువున్నాయి అన్నాడు, అవునన్నా” అని చెప్పింది. యాభై ఏళ్ళ కాపురానికి పునాది అది! పాపం అతను మంచివాడే. ఇద్దరూ బాగున్నారు. అయినా కిరాణా కొట్లో కొబ్బరికాయ కొనేటప్పుడు కూడా అంతకంటే ఎక్కువసేపు ఊపి చూస్తాం కదా.

ఇప్పుడు ఫోన్లున్నాయి గదా అంటారు. ఉన్నాయి. నిశ్చితార్థం అయ్యాక రాత్రి పన్నెండు దాకా ఫోన్లే. కానీ అది తీర్పు రాసేశాక జరిగే విచారణ. ‘మిస్సమ్మ’లో మాటలు ముందు, నిర్ణయం తర్వాత. ఒకరి కోపం ఒకరికి తెలిశాక, ఎదుటివాడు ఎవరికో సంగీతం నేర్పుతుంటే తనకెందుకు మంటగా ఉందో తనకు తెలిశాక, అప్పుడు ప్రేమ. అమెరికా వాళ్ళకు ఆ సందు రాత్రి బస్సు ఇచ్చింది, హోటలు ఇచ్చింది, వాన మండపం ఇచ్చింది. మన సమాజంలో అవి కుదరవని చక్రపాణికి తెలుసు. పెళ్ళికి ముందు ఆడామగా ఒకచోట ఉండి మాట్లాడుకోవడానికి మన ఊళ్ళు ఒప్పుకునే పద్ధతి ఒక్కటే: పెళ్ళి! అందుకని పెళ్ళిని ముందే చేసేసి, దాన్ని అబద్ధం చేశారు. ఇంత తెలివైన ఏర్పాటును పొద్దుపోక కథ అని తీసిపారేస్తే ఎట్లా?

‘అప్పుచేసి పప్పుకూడు’ (1959) కూడా ఈ కోవలోదే. అప్పుల మీద దర్జా వెలగబెట్టే రావుబహదూర్‌గా సి.ఎస్.ఆర్. అద్భుతంగా ఉంటాడు. కానీ వేషాలు మరీ ఎక్కువై, ఎవరు ఎవరో గుర్తు పెట్టుకోవడానికే మన తెలివంతా ఖర్చవుతుంది. దాన్ని వదిలి ‘గుండమ్మ కథ’ (1962)కు వెళ్దాం.

మా అవ్వకు అది ప్రాణం. ఆమె చిన్నప్పుడు టూరింగు టాకీసులో నేల టికెట్టుతో చూసిందట. ఇప్పటికీ టీవీలో వస్తే సూర్యకాంతం కనపడగానే “మా అత్త గూడా అచ్చం ఇట్లనే పాపా, తాళంచెవులు సొంటికి కట్టుకోని తిరుగుతాండె” అంటుంది. ఎన్టీఆర్ రుబ్బురోలు దగ్గర కూర్చుని పిండి రుబ్బుతూ పాడే పాట వస్తే మాత్రం ఏమీ అనదు. ఊరికే చూస్తుంది. మా అబ్బ జీవితంలో రోటి దగ్గర కూర్చున్న పాపాన పోలేదు మరి! అంత పెద్ద హీరో, అప్పటికి దేవుడి వేషాలకు పేరుపడిన మనిషి, ఆడవాళ్ళ పని చేస్తూ ఆడవాళ్ళు మేలుకున్నారని పాడుతుంటే, నేల టికెట్టులో కూర్చున్న ఆడవాళ్ళకు అది కల లాగానే ఉండి ఉంటుంది.

అయినా ఈ సినిమా మీద నాకు పూర్తి మనసు లేదు. ‘మిస్సమ్మ’లో అబద్ధం ఇద్దరూ కలిసి ఆడారు. అందుకే అది ఆట. ఇక్కడ అన్నదమ్ములకు నిజం తెలుసు, ఆడవాళ్ళకు తెలియదు. సవతి తల్లి కింద నలిగిన లక్ష్మికి అంజి మేలే చేశాడనుకోండి. కానీ సరోజకు? పెళ్ళయ్యాక కూడా మొగుడు పేదవాడి వేషం విప్పకుండా ఆమె చేత కాయకష్టం చేయించి, పొగరు అణిచామని సంబరపడతారు. హాల్లో అందరూ నవ్వుతారు. జమున గిలగిల్లాడుతుంటే నాకు నవ్వు రాదు. షేక్‌స్పియర్ ‘టేమింగ్ ఆఫ్ ది ష్రూ’ నుంచి ఈ మందు అందరూ వాడుతూనే ఉన్నారు, జబ్బు ఆడవాళ్ళకే ఉందని ఎవరు తేల్చారో! ఒక్కరు ఆడి ఇంకొకరు మోసపోయే అబద్ధంలో మాట్లాడుకునే సందు ఉండదు, పరీక్ష పెట్టే పంతులూ రాసే విద్యార్థీ ఉంటారు.

‘మిస్సమ్మ’కూ ఒక లోటుంది. క్రైస్తవురాలైన మేరీ, హిందువైన రావు. 1955 నాటి సమాజానికి ఇది చిన్న చిక్కు కాదు. మతాంతర వివాహాలకు వీలిచ్చే ప్రత్యేక వివాహ చట్టం అంతకు ముందు ఏడాదే, 1954లో, వచ్చింది. కథ ఆ ముడి దాకా ధైర్యంగా వచ్చి, తీరా మేరీయే తప్పిపోయిన మహాలక్ష్మి అని తేల్చేస్తుంది. ముడి విప్పలేదు, దారమే లేదన్నారు. రెండున్నర గంటలు సమానంగా పోట్లాడిన మనిషికి ఆఖర్న పుట్టుమచ్చ దిక్కయింది. నిర్మాతలకు టికెట్లు అమ్ముడుపోవాలి గదా అని సర్దుకోవచ్చు. నేను సర్దుకోలేను. కానీ ఆ చివరి పావుగంటకు ముందు జరిగినదాన్ని ఆ చివరి పావుగంట చెరిపేయలేదు. మేరీ మేరీగా ఉన్నప్పుడే రావు ఆమెను ఇష్టపడ్డాడు. అది చూసేశాం మనం.

తర్వాతి కాలం ప్రేమకథల్లో ఈ సందు మెల్లగా మూసుకుపోయింది. హీరో వెంటపడటం, కాలేజీ గేటు దగ్గర కాపు కాయడం, ఆమె కాదన్నకొద్దీ ఇంకా వెంటపడటం ప్రేమైపోయింది. పాటలో ఆమె అతనికి జవాబు చెప్పదు, పక్కన ఆడుతుంది, అంతే. జంధ్యాల ‘శ్రీవారికి ప్రేమలేఖ’ (1984) లాంటివి కొన్ని మాత్రం పాత దారిని మరిచిపోలేదు. ఆడపిల్ల సరదాకు ఊరూపేరూ లేకుండా ఒక ఉత్తరం రాస్తే, దాన్ని పట్టుకుని ఆమెను వెతుక్కుంటూ బయల్దేరిన కుర్రాడి కథ అది. అక్కడ మొదటి మాట ఆమెది.

డిగ్రీ అయ్యాక ఎమ్మెస్సీ చేస్తానని నేనూ, సంబంధాలు చూద్దామని పెద్దలూ మా ఇంట్లో పందెం వేసుకుని ఉన్నాం. ఎవరు గెలుస్తారో ఈ సంచిక అచ్చయ్యేలోపు తేలదు. ఒక షరతు మాత్రం నాయన దగ్గర ఒప్పించుకున్నాను. చూపులకు వచ్చినవాడు ఎవరైనా సరే, కాఫీ అయ్యాక రెండు గంటలు మాట్లాడాలి, ఆ తర్వాత ఇంకో రోజు కూడా రావాలి. “రెండు గంటలు ఏం మాట్లాడతారే?” అన్నాడు నాయన. “పోట్లాడతాం” అన్నాను. నవ్వి ఊరుకున్నాడు. శనగల డబ్బు చేతికొచ్చిన రోజు చూసి అడిగాను లెండి.

మన విద్యార్థి సంఘం వారికి ఒక విన్నపం. ఏటా ఒక సినిమా వేస్తామని ఎన్నికలప్పుడు చెబుతుంటారు. ఈసారి వరుసగా రెండు సాయంత్రాలు సెమినార్ హాలు తీసుకుని ఒకరోజు ‘టాప్ హ్యాట్’, మరుసటి రోజు ‘మిస్సమ్మ’ వేయండి. మండపంలో వానను, పెరట్లో వెన్నెలను ఒకదాని వెంట ఒకటి చూద్దాం. నాలుగింటికే మొదలుపెడితే ఎర్రగుంట్ల బస్సు అందుకోవలసిన మాకు కూడా ‘శుభం’ దాకా ఉండటానికి వీలవుతుంది.